పడవకు ఏ ప్లైవుడ్, ఏ కలప? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పడవ కట్టించుకోవాలనుకునేవారి నుంచి కొంతకాలంగా వస్తున్న ఉత్తరాలలో ఎక్కువ భాగం కలప, ప్లైవుడ్ ఎంపిక గురించే ఉన్నందున ఈ సంచికలో శీర్షిక మొత్తాన్ని దానికే కేటాయిస్తున్నాము. ఉత్తరాలను క్లుప్తం చేసి, పేర్లు తీసివేసి, ఊళ్లు మాత్రం ఉంచాను. జవాబులలో ఒక ప్రశ్న మళ్లీ మళ్లీ ఎదురవుతుంది: పడవ రాత్రిపూట ఎక్కడ ఉంటుంది? ఉప్పునీటిలోనా, మంచినీటిలోనా, ఇసుక ఒడ్డు మీదనా, ఇంటి వసారాలోనా అన్నది తేలకుండా కలప ఎంచుకోవడానికి బయలుదేరితే డబ్బు ఎక్కువ పెట్టినా పడవ ఎక్కువ కాలం నిలవకపోవచ్చు.

తాళ్ళరేవు నుంచి ఒక పాఠకుడు: కోరంగి వైపు ఏటిపాయల్లో చేపలవేటకు పదహారడుగుల ప్లైవుడ్ పడవ కట్టించదలచాము. ఒక దుకాణదారు బి.డబ్ల్యు.ఆర్. రకం నీళ్లకు తట్టుకుంటుందని చెప్పి అది తీసుకోమంటున్నారు. ఇంకొకరు 710 గ్రేడ్ తప్ప మరొకటి వద్దంటున్నారు. రెండింటి ధరలలో తేడా చాలా ఉంది. అంత తేడా పెట్టవలసిన అవసరం నిజంగా ఉందా?

జవాబు: అవసరం ఉంది. బి.డబ్ల్యు.ఆర్. (మరిగే నీటిని కొంత తట్టుకునే రకం) అన్నది ఐఎస్ 303 అనే భారతీయ ప్రమాణం కిందికి వచ్చే సాధారణ ఉపయోగపు ప్లైవుడ్‌లో మెరుగైన రకం. వంటింటి అరలకు, స్నానాలగది పక్కన పెట్టే బీరువాలకు అది చక్కగా సరిపోతుంది. అప్పుడప్పుడు తడిసి, వెంటనే ఆరిపోయే చోట్లను దృష్టిలో పెట్టుకొని చేసిన సరుకు అది. పడవ అడుగుభాగం అలాంటి చోటు కాదు. మెరైన్ ప్లైవుడ్‌కు, అంటే పడవల కోసం చేసే ప్లైవుడ్‌కు ఉన్న ప్రమాణం ఐఎస్ 710. దాని నమూనా ముక్కలను 72 గంటల పాటు మరుగుతున్న నీటిలో ఉంచి, ఆ తరువాత పొరల మధ్య జిగురు పట్టు ఎంత మిగిలిందో పరీక్షిస్తారు. మూడు పగళ్లు, మూడు రాత్రులు ఎడతెగకుండా ఉడకబెట్టడమంటే మాటలు కాదు. చవక రకాలలో వాడే యూరియా జిగురు వేడినీటికి రసాయనికంగానే విడిపోతుంది. మెరైన్ రకంలో వాడే ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురు అలా విడిపోదు. కాబట్టి ఈ పరీక్షలో నెగ్గిన జిగురు నదిలోనైనా సముద్రంలోనైనా పొరలను వదిలిపెట్టదని నమ్మవచ్చు.

అయితే జిగురు ఒక్కటే మెరైన్ ప్లైవుడ్‌ను మెరైన్ ప్లైవుడ్‌గా చేయదు, కొనేవారు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. లోపలి పొరలలో ఖాళీలు ఉండకూడదన్నది జిగురు ఎంత ముఖ్యమో అంత ముఖ్యం. బీరువా తలుపులో అగ్గిపుల్లంత సందు ఉంటే ఎవరికీ నష్టం లేదు. పడవ అడుగున షీటును వంచి బిగించినప్పుడు ఆ సందు మీద ఉన్న పై పొరకు కింద ఆధారం ఉండదు. అక్కడ రాయి తగిలినా, మనిషి మడమ గట్టిగా మోపినా పగులుతుంది. పగిలిన తరువాత నీరు ఆ సందు వెంట గొట్టంలో పారినట్టు పారి, మీరు చూడని చోట, రంగు చెక్కుచెదరని చోట చెక్కను కుళ్లబెడుతుంది. మూడవది, ఐఎస్ 710 ప్రకారం చెక్కకు పురుగు, బూజు పట్టకుండా సంరక్షక రసాయనం పట్టించడం కూడా షరతే, దానికి వేరే పరీక్ష ఉంది. మీరు చెల్లించే అదనపు ధర ఈ మూడింటికీ కలిపి.

ఇక '710 గ్రేడ్' అన్న మాట గురించి ఒక హెచ్చరిక. షీటు మీద '710' అని, 'మెరైన్' అని అచ్చు వేయడం ఎవరికైనా సాధ్యమే. ఐఎస్ఐ ముద్ర, దాని పైన ఐఎస్ 710 అన్న సంఖ్య, దాని కింద తయారీదారు లైసెన్సు సంఖ్య ఈ మూడూ ఉన్నాయేమో చూడండి. ఆ లైసెన్సు సంఖ్యను భారతీయ ప్రమాణాల సంస్థ వారి 'బి.ఐ.ఎస్. కేర్' అనే ఫోను అప్లికేషనులో వేసి చూస్తే, అది ఏ కంపెనీది, ఏ సరుకుకు ఇచ్చినది, ఇంకా చెల్లుబాటులో ఉందా అన్నది అక్కడికక్కడే తెలుస్తుంది. దుకాణంలో నిలబడి ఈ పని చేయడానికి మొహమాటపడకండి.

ముద్ర సరిగ్గా ఉన్నా నేనైతే ఒక షీటు ముందుగా కొని, పరీక్షించి, ఆ తరువాతే మిగిలినవి తీసుకుంటాను. మొదట షీటును అంచు మీద నిలబెట్టి నాలుగు అంచులనూ వెలుతురులో చూడండి. లోపలి పొరల మందం ఒకే రీతిలో ఉందా, పొర మీద పొర ఎక్కిన చోట ఉబ్బు ఉందా, సందులను సున్నపు ముద్ద వంటి పూతతో నింపి దాచారా అన్నది అంచులలోనే కనబడుతుంది. తరువాత షీటును రెండు పీటల మీద ఉంచి, చిన్న సుత్తి పిడితోనో రూపాయి బిళ్లతోనో వరుసగా జానెడు దూరంలో తడుతూ వెళ్లండి. గట్టి మోత మధ్యలో డొల్ల మోత వినిపిస్తే అక్కడ సుద్దతో గుర్తు పెట్టండి. కోసి చూస్తే సందు దొరుకుతుంది. ఆ తరువాత ఒక మూల నుంచి అరచేయంత ముక్కలు నాలుగు కోసి, వాటిని నీళ్లలో నాలుగైదు గంటలు ఉడకబెట్టి, ఎండలో పూర్తిగా ఆరనిచ్చి, మళ్లీ ఉడకబెట్టండి. ఇలా మూడు విడతలు చేసి, ఉలి మొనను పొరల మధ్య పెట్టి విడదీయడానికి ప్రయత్నించండి. మంచి ముక్కలో చెక్క నారే చిరుగుతుంది, విరిగిన చోట రెండు వైపులా పీచు అంటుకొని ఉంటుంది. నున్నగా, పేజీ విడిపోయినట్టు విడిపోతే ఆ షీటును తిరిగి ఇచ్చేయండి. జిగురు గీత ముదురు గోధుమ రంగులో ఉందన్న ఒక్క ఆనవాలుతో తృప్తి పడవద్దు. ఫినాల్ జిగురుకు సహజంగా ఆ రంగు ఉన్నమాట నిజమే కాని రంగు కలపడం కష్టమైన పని కాదు.

ఈ పరీక్షకు ఒక సాయంత్రం వృథా అవుతుందని నేను ఒకసారి మానేశాను. ముద్ర చూసి, దుకాణదారు మాట విని, ఆరు షీట్లు తెచ్చి పన్నెండడుగుల పడవ కట్టాను. రెండవ వర్షాకాలం దాటేసరికి అమరం (పడవ వెనుక కొస) దగ్గర అడుగు షీటు మెత్తబడింది; కోసి చూస్తే లోపలి పొరలో వేలు దూరేంత సందు, దాని పొడవునా నల్లగా కుళ్లిన చెక్క. ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు), రంగు, రెండు నెలల శ్రమ అన్నీ ఆ సందులో పోయాయి. ఈ శీర్షికలో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచిన మాట ఏదైనా ఉంటే అది ఈ సాయంత్రం గురించే.

మీ పడవ విషయంలో మరొకటి కూడా ఉంది. ఏటిపాయల్లో రాత్రింబగళ్లు కట్టి ఉంచే పడవకు కుళ్లు కంటే పెద్ద శత్రువు చెక్కను తొలిచే సముద్రపు పురుగు. పురుగు అంటాము కాని టెరెడో అనే ఈ జీవి నిజానికి ఆల్చిప్ప జాతికి చెందినది. గుండుసూది మొనంత పిల్లగా చెక్క మీద వాలి, అంతే సన్నని రంధ్రంతో లోపలికి పోయి, లోపల లావెక్కుతూ తొలుచుకుంటూ పోతుంది. అందువల్ల పైకి చెక్క బాగానే కనిపిస్తుంది, లోపల తేనెపట్టులా మిగులుతుంది. వరద నెలల్లో పాయలలో నీరు తీపెక్కినప్పుడు వీటి ఉధృతి తగ్గుతుంది, వేసవిలో ఉప్పు పెరిగినప్పుడు విజృంభిస్తుంది. బెంగళూరులోని కలప శాస్త్ర సాంకేతిక సంస్థ విశాఖపట్నం కేంద్రంగా సముద్రంలో చెక్క పలకలను వేలాడదీసి ఏళ్ల తరబడి ఈ జీవుల మీద పరిశోధన చేసింది. మామిడి, బూరుగు వంటి మెత్తని కలపను ఏ రక్షణా లేకుండా మన తీరపు నీటిలో వదిలితే కొద్ది నెలలలోనే తొలిచివేస్తాయి. మెరైన్ ప్లైవుడ్‌లోని రసాయనం, జిగురు గీతలు వీటిని కొంత ఆలస్యం చేస్తాయేమో కాని ఆపలేవు.

ఆపేది పై తొడుగు. నీటిలో మునిగే భాగమంతటికీ గాజుగుడ్డ (గాజు పోగులతో నేసిన గుడ్డ) పరచి ఎపాక్సీ పట్టిస్తే పిల్ల పురుగుకు వాలడానికి చెక్కే దొరకదు. ఇందుకు చవకగా దొరికే పాలిస్టర్ రెజిన్ వాడవద్దని నా సలహా; అది గాజుకు అంటుకున్నంత గట్టిగా చెక్కకు అంటుకోదు, కొన్నేళ్లకు తొడుగు ఊడి, చెక్కకు దానికి మధ్య నీరు నిలిచి, తొడుగు లేకపోయినా బాగుండేదనిపిస్తుంది. రోజూ వేట ముగించి పడవను ఇసుక మీదికి లాగేవారికి ఈ బెడద తక్కువ, ఎందుకంటే కొత్తగా వాలిన పిల్లలు ఎండకు చచ్చిపోతాయి. లోతుకు పోయినవి మాత్రం రంధ్రం మూసుకొని బతుకుతాయి. ప్లైవుడ్ పడవ మన సముద్రానికి పనికిరాదని ఎవరైనా అంటే, 1980వ దశకం నుంచి తిరువనంతపురం, కన్యాకుమారి తీరాలలో దక్షిణ భారత మత్స్యకారుల సంఘాల సమాఖ్య పడవ యార్డులు మెరైన్ ప్లైవుడ్‌తో కట్టిన వేట పడవలు అలల మీద నుంచి దూకుతూ తిరిగిన సంగతి చెప్పండి.

రాజమహేంద్రవరం నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు: గోదావరిలో ఉదయం పూట తెడ్డు వేసుకుంటూ తిరగడానికి ఇద్దరు పట్టే తేలిక పడవ నేనే కట్టుకోవాలని కోరిక. విదేశీ నమూనా పటాలలో ఒకూమే ప్లైవుడ్ 6 మిల్లీమీటర్లు అని రాసి ఉంది. ఇక్కడ దొరికే మెరైన్ ప్లైవుడ్ దానికి బదులు వాడవచ్చునా? మంచినీటికే కాబట్టి కొంచెం తక్కువ రకం చాలదా?

జవాబు: ముందు బరువు లెక్క చూద్దాం. మాస్టారూ, మీరే మోసుకుంటూ రేవులోకి దించవలసిన పడవ కాబట్టి ఆ లెక్కే మీకు ప్రధానం. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల షీటు అంటే 2.44 మీటర్లు, 1.22 మీటర్లు, 6 మిల్లీమీటర్ల మందానికి దాని ఘనపరిమాణం సుమారు 0.018 ఘనపు మీటర్లు. మన మెరైన్ ప్లైవుడ్‌లో ఎక్కువగా వాడే గర్జన్ కలప బరువైనది. ఘనపు మీటరుకు 700 కిలోల చొప్పున లెక్కిస్తే ఒక్కో షీటు పన్నెండున్నర కిలోలు తూగుతుంది. ఒకూమే అన్నది ఆఫ్రికా పశ్చిమ తీరాన గాబన్ వంటి దేశాలలో పెరిగే చెట్టు. దాని ప్లైవుడ్ షీటు అదే కొలతకు ఎనిమిది, తొమ్మిది కిలోలు మాత్రమే ఉంటుంది. నాలుగు షీట్ల పడవకు తేడా పదిహేను కిలోల దాకా తేలుతుంది. అది పడవ తేలడానికి అడ్డు కాదు, మీ భుజానికి మాత్రం తెలుస్తుంది. బరువుకు ఒప్పుకుంటే మన ఐఎస్ 710 షీటు నిస్సందేహంగా వాడవచ్చు. కుళ్లును తట్టుకోవడంలో అది ఒకూమే కంటే మెరుగు కూడా. బ్రిటిష్ ప్రమాణం బి.ఎస్. 1088 ముద్ర ఉన్న ఒకూమే షీటుకు జిగురు, పొరలు మేలైనవే అయినా ఆ చెక్కకు సహజంగా కుళ్లును ఆపే గుణం లేదు. ఎపాక్సీ పూత లేకుండా దానిని నీటిలో పెట్టకూడదు.

వంగే గుణం కూడా ముందే చూసుకోండి. 6 మిల్లీమీటర్ల షీటులో మూడు పొరలే ఉంటే అది ఒక వైపు తేలికగా, మరొక వైపు మొండిగా వంగుతుంది. పై పొర నార పడవ పొడవునా ఉండేలా కోస్తే పొడవు వెంట బలం వస్తుంది, అడ్డంగా చుట్టడం సులువవుతుంది. అయిదు పొరలది దొరికితే అదే తీసుకోండి. పటంలో ముక్కు దగ్గర వంపు బాగా ఎక్కువగా ఉంటే, పడవ మొదలుపెట్టక ముందే ఒక సన్నని పట్టీ కోసి ఆ వంపుకు వంచి చూడండి. షీట్లు ఎనిమిదడుగులే కాబట్టి పొడవు కోసం అతకవలసి వస్తుంది. మందానికి ఎనిమిది రెట్ల ఏటవాలుతో, అంటే 6 మిల్లీమీటర్ల షీటుకు 48 మిల్లీమీటర్ల మేర రెండు అంచులనూ చిత్రిక పట్టి, ఒకదాని మీద ఒకటి పెట్టి ఎపాక్సీతో అతికితే ఆ అతుకు షీటుతో పాటే, ఎక్కడా ముడత పడకుండా వంగుతుంది. రెండు అంచులనూ ఎదురెదురుగా ఆనించి, వెనుక ముక్క వేసి అతికే పద్ధతి సులువే కాని వంపులో అక్కడ బల్లలా చదునుగా నిలిచిపోతుంది.

మంచినీటికి తక్కువ రకం చాలుననడం గురించి మాత్రం మీతో ఏకీభవించలేను. చెక్కను కుళ్లబెట్టే బూజుకు ఉప్పు పడదు, మంచినీరే ఇష్టం. సముద్రం మీద తిరిగే పడవలలో కూడా కుళ్లు మొదలయ్యేది అలలు తగిలే చోట కాదు, వాననీరు కారి నిలిచే మూలలలో. చెక్కలో తేమ 20 శాతానికి లోపు ఉన్నంతకాలం బూజు బతకదు. గాలి అందని లోతు నీటిలో పూర్తిగా మునిగి ఉన్నా బతకదు. తడి, గాలి రెండూ కలిసే చోటే దానికి పండుగ. అందుకే మీ పడవ రాత్రి ఎక్కడ ఉంటుందని అడుగుతున్నాను. పుష్కర ఘాటు దగ్గర నీటిలో కట్టి, వానకు వదిలేస్తే ఎంత ఖరీదైన షీటయినా నిలవదు. ఇంటి దగ్గర వసారాలో, రెండు దిమ్మెల మీద బోర్లించి, కింద గాలి ఆడేలా పెట్టుకుంటే మీ మనవలు కూడా అదే పడవలో తిరుగుతారు.

ఈ కారణంగానే షీటు అంచులకు ఎక్కువ శ్రద్ధ చూపండి. ప్లైవుడ్ ముఖం నీటిని నెమ్మదిగా పీలుస్తుంది, అంచు మాత్రం గడ్డిపోచల మూటలా గబగబా లాగుతుంది. కోసిన ప్రతి అంచుకూ, తొలిచిన ప్రతి రంధ్రానికీ పల్చని ఎపాక్సీని అది ఇక పీల్చుకోనంత వరకు రెండు, మూడు విడతలు పట్టించండి. మర బిగించవలసిన చోట కావలసిన దానికంటే పెద్ద రంధ్రం తొలిచి, దానిని చిక్కని ఎపాక్సీతో నింపి, గట్టిపడిన తరువాత దాని మధ్యలో మర పట్టేంత రంధ్రం తొలిస్తే మర ఎప్పటికీ చెక్కను తాకదు.

భీమునిపట్నం నుంచి ఒక వడ్రంగి: మా నాన్నగారు నావలకు పనిచేసినవారు. ఇప్పుడు నాకు ఇరవై అడుగుల పడవ పని వచ్చింది. అడుగు దూలానికి, పక్క రిబ్బులకు టేకు వేయాలంటే ఖరీదు భరించలేమంటున్నారు. వేరే ఏ కలప వాడవచ్చు? అడితిలో కలప ఎంచుకునేటప్పుడు ఏమి చూడాలి?

జవాబు: మీ చేతిపని ముందు నా మాటలు చిన్నవే. నాకు తెలిసినంత వరకు చెబుతాను, మీ అనుభవంతో సరిచూసుకోండి.

టేకును ఎవరూ పేరు కోసం వాడలేదు. దాని చేవలో, అంటే దుంగ లోపలి ముదురు చెక్కలో, సహజమైన నూనె, రబ్బరు వంటి పదార్థం ఉండి నీటిని, బూజును దూరంగా ఉంచుతాయి. తడిసి ఆరినప్పుడు మిగతా గట్టి కలపలకంటే తక్కువగా సాగి, తక్కువగా ముడుచుకుంటుంది. అయితే ఆ గుణమంతా చేవలోనే ఉంది. చేవ చుట్టూ ఉండే తెల్లచెక్కకు టేకు అన్న పేరు తప్ప గుణం లేదు. తోటలలో త్వరగా పెంచి నరికిన లేత టేకు, దేశీయమైనా దిగుమతి చేసినదైనా, అందులో తెల్లచెక్క పాలు చాలా ఎక్కువ. అటువంటి దుంగను టేకు ధర పెట్టి కొనడం కంటే బాగా చేవదేరిన నల్లమద్దిని కొనడం మేలని నా గట్టి అభిప్రాయం.

అడుగు దూలానికి నల్లమద్ది, సాలు కలప రెండూ బలమైనవి, బరువైనవి. అడుగున ఆ బరువు పడవను నిలకడగా ఉంచుతుంది కాబట్టి అది లోపం కాదు. వాటి చిక్కంతా ఆరబెట్టడంలో ఉంది: ఎండలో వదిలేస్తే చివర్ల నుంచి పగుళ్లు వేస్తాయి, మెలి తిరుగుతాయి. కోసిన వెంటనే రెండు చివర్లకు మైనమో చిక్కని రంగో పూసి, నీడలో, అడుగడుగుకు సమమైన పుల్లలు పెట్టి దొంతర పేర్చి, పైన బరువు వేసి ఆరనివ్వాలి. రిబ్బులకు నల్లతుమ్మను మించినది మన దగ్గర తక్కువ. మీ నాన్నగారి తరం వాళ్లు తుమ్మకొమ్మ వంపును చూసి, ఆ వంపే పడవ పక్కకు సరిపోయేలా ఎంచుకునేవారు. నార వంపు వెంటే తిరుగుతుంది కాబట్టి అటువంటి రిబ్బు మధ్యలో చిట్లదు. తిన్నని పలక నుంచి వంపుగా కోసిన రిబ్బులో నార అడ్డంగా తెగి, అక్కడే విరుగుతుంది. వంపు కొమ్మ దొరకనప్పుడు 4, 5 మిల్లీమీటర్ల సన్నని బద్దలను అచ్చు మీద వంచి, ఒకదానిపై ఒకటి ఎపాక్సీతో అతికి రిబ్బు చేసుకోవచ్చు. పక్క పలకలకు మామిడి వేయక తప్పకపోతే సంరక్షక రసాయనం ఒత్తిడితో పట్టించిన దానినే వేయండి. పైపైన కుంచెతో పూసినది లోపలికి దిగదు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మెత్తని రబ్బరు కలపకు సైతం రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాలను, ఆపైన క్రియోసోటును (తారు నుంచి తీసే నూనె) పట్టించి పడవలు కట్టి చూపింది. ఆ లవణాలు విషపూరితమైనవి కాబట్టి అలాంటి చెక్కను కోసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవడం, రంపపు పొట్టును పొయ్యిలో వేయకపోవడం మరవకండి. పలాస వైపు దొరికే జీడిపిక్కల తొక్క నూనెను అడుగుకు పూసే పాత అలవాటు కూడా మంచిదే. చర్మాన్ని కాలుస్తుంది, చేతులకు తొడుగు వేసుకోండి.

అడితిలో మొదట పలక చివర చూడండి. వలయాలు పలక వెడల్పుకు నిలువుగా ఉంటే అది తక్కువ ముడుచుకుంటుంది, తిన్నగా నిలుస్తుంది. వలయాలు వెడల్పు వెంట పడుకొని ఉంటే ముడుత దాదాపు రెట్టింపు, పలక దోనెలా వంగుతుంది కూడా. దుంగ మధ్యలోని బెండు ఉన్న పలకను దూలానికి తీసుకోవద్దు, చీలిక అక్కడి నుంచే పుడుతుంది. తరువాత నార ఏటవాలు: పన్నెండు అంగుళాల పొడవులో నార ఒక అంగుళానికి మించి పక్కకు తప్పుకుంటే అది బలం మోసే చోటుకు పనికిరాదు. చిన్న కణుపు గట్టిగా అతుక్కుని ఉంటే పరవాలేదు, అంచున ఉన్న కణుపు ప్రమాదం.

తేమను కంటితో చెప్పలేము, తూకంతో చెప్పవచ్చు. పలక చివర నుంచి అడుగు లోపలికి వచ్చి ఒక చిన్న ముక్క కోసి వెంటనే తూచండి. దానిని పొయ్యి పెట్టెలో (ఓవెన్‌లో) సుమారు 103 డిగ్రీల సెల్సియస్ వేడిలో బరువు ఇక తగ్గనంతవరకు ఆరబెట్టి మళ్లీ తూచండి. 230 గ్రాములు ఉన్నది 200 గ్రాములయితే పోయిన 30 గ్రాములను 200తో భాగించి 15 శాతం అని లెక్క. ఎపాక్సీతో అతికే చోట్ల 12 శాతం దగ్గర ఉంటే మంచిది, 18 దాటితే అతకవద్దు. టేకును అతికేటప్పుడు మరొక జాగ్రత్త: పైకి తేలిన నూనెను అసిటోన్ తడిపిన గుడ్డతో తుడిచి, అది ఆరిన వెంటనే జిగురు వేయాలి, మరునాటికి వదిలితే నూనె మళ్లీ తేలుతుంది.

కొనుగోలు లెక్క మీకు తెలిసినదే. పడవ కట్టించుకునేవారు కూడా ఇది చదువుతారు కాబట్టి రాస్తున్నాను. వెడల్పు, మందం అంగుళాలలో, పొడవు అడుగులలో తీసుకొని మూడింటినీ గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. 20 అడుగుల పొడవు, 5 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం గల దూలం రెండు ఘనపుటడుగులకు కాస్త పైన. ఏ జాతికైనా అటవీశాఖ రవాణా అనుమతి కావాలేమో అడితిలో అడిగి, కాగితం తీసుకొని దగ్గర ఉంచుకోండి. రిబ్బుల వంపు కోసం మడచెట్టు మీద మాత్రం చేయి వేయవద్దని ఎవరికైనా చెప్పండి. తీరాన్ని కాపాడే చెట్టు అది.

టెక్సస్‌లోని డాలస్ నుంచి ఒక పాఠకురాలు: మా అబ్బాయితో కలిసి గ్యారేజీలో చిన్న కనూ (తెడ్డుతో నడిపే సన్నని పడవ) కడుతున్నాము. ఇక్కడి పెద్ద దుకాణాలలో ఎక్స్‌టీరియర్ గ్రేడ్ ప్లైవుడ్ చవకగా ఉంది. జిగురు ఒకటేనని అంటున్నారు. ఎపాక్సీ ఎలాగూ పూస్తాము కదా, అది చాలదా?

జవాబు: జిగురు ఒకటేనన్నది చాలావరకు నిజమే. అమెరికాలో మెరైన్ గ్రేడుకు, ఎక్స్‌టీరియర్ గ్రేడుకు ప్రధానమైన తేడా లోపలి పొరల సందులలోనే ఉంది. తాళ్ళరేవు పాఠకుడికి చెప్పినట్టు ఆ సందులను బయట పూసిన ఎపాక్సీ నింపలేదు, మూత మాత్రం పెడుతుంది. నిశ్చలమైన చెరువులో ఒక వేసవి ఆడుకోవడానికయితే అంచులు జాగ్రత్తగా చూసి ఎంచిన ఎక్స్‌టీరియర్ షీటుతో కట్టవచ్చు. మీ శ్రమకు పదేళ్ల ఆయుష్షు కావాలంటే వద్దు. అక్కడి మెరైన్ ప్లైవుడ్ సాధారణంగా డగ్లస్ ఫర్ అనే సూదాకుల చెట్టుది. బలమైనదే కాని ఎండకు దాని పై పొర నార వెంట సన్నగా నెర్రెలిస్తుంది, గాజుగుడ్డ తొడుగు లేకుండా రంగు నిలవదు. పైగా కుళ్లకుండా రసాయనమేమీ పట్టించి ఉండదు. కనూకు బరువు తక్కువ కావాలి కాబట్టి 4 మిల్లీమీటర్ల ఒకూమే, బి.ఎస్. 1088 ముద్రతో పాటు లాయిడ్స్ (ఓడల నాణ్యతను తనిఖీ చేసే సంస్థ) ఆమోదం ఉన్నది దొరికితే అది తీసుకోండి. ఒత్తిడితో రసాయనం పట్టించిన ప్లైవుడ్ మాత్రం వద్దు, అది దుకాణానికి తడితోనే వస్తుంది, ఆరుతూ మెలి తిరుగుతుంది.

నిజాంపట్నం నుంచి ఒక పాఠకుడు: మంచి షీటు, మంచి కలప కొన్నాము. మేకులు, మరలు ఏవి వాడాలి? ఇత్తడి మరలు నీటికి తుప్పు పట్టవని విన్నాము.

జవాబు: ఇత్తడి ఎర్రతుప్పు పట్టదు కాని ఉప్పునీటిలో దానిలోని జింకు కరిగిపోయి, గులాబీ రంగు రాగి గుల్ల మిగులుతుంది, తిప్పబోతే తల ఊడి చేతికొస్తుంది. నీరు తగలని లోపలి బిగింపులకు అది చాలు, నీటి మట్టం కింద వద్దు. అక్కడ సిలికాన్ కంచు మరలు, లేదా రాగి మేకుల కొసలను లోపలివైపు రాగి బిళ్ల మీద సుత్తితో నలగ్గొట్టి బిగించే పాత పద్ధతి అన్నిటికంటే నమ్మదగినవి. స్టెయిన్‌లెస్ స్టీలు తీసుకుంటే 316 రకమే తీసుకోండి, 304 వద్దు. ఆ 316 కూడా ఎప్పుడూ తడిగా ఉండి గాలి ఆడని చెక్క లోపల గుంటలు పడి తినివేయబడుతుంది, కాబట్టి నీటి మట్టం పైన దాని వాడకం మేలు. ఖరీదు భరించలేనప్పుడు కరిగిన జింకులో ముంచి తీసిన దళసరి పూత మేకులు వాడండి. మెరిసే పల్చని పూత ఉన్నవి ఒక్క ఏడాదికే పోతాయి. రాగి లవణాలు పట్టించిన కలపలో మామూలు ఇనుపమేకు, అల్యూమినియం రెండూ త్వరగా తినివేయబడతాయి. ఒకే పడవలో నీటి మట్టం కింద రాగిని, ఇనుమును పక్కపక్కన బిగించవద్దు, ఉప్పునీటిలో ఇనుము తానే కరిగి రాగిని కాపాడుతుంది. ఏ మర బిగించినా ముందు రంధ్రం తొలిచి, అందులో ఎపాక్సీ పట్టించి, తల మీద కూడా ఎపాక్సీ ముద్దతో మూసి, ఆరిన తరువాతే రంగు వేయండి.